మృత్యువుతో చదరంగం

పుట్టిన ప్రతి ప్రాణికీ మరణం తప్పదన్న సత్యం తెలియని వారు లోకంలో లేరు. అయినా ఆ సత్యం ఇతరులకే కాక తనకూ వర్తిస్తుందని మనిషి నిజంగా గ్రహించే ఘడియ చాలా ఆలస్యంగా వస్తుంది. ఆ ఘడియ వచ్చినప్పుడు మన విశ్వాసం మనకు అండగా నిలుస్తుందా, లేక తానే ముందుగా కూలిపోతుందా? ఈ ప్రశ్నను మత గ్రంథాలు వేశాయి, తత్త్వవేత్తలు వేశారు, కవులు వేశారు. ఒక చలనచిత్రం కూడా అంతే గంభీరంగా వేసింది. స్వీడన్ దేశపు దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1957లో నిర్మించిన 'ఏడవ ముద్ర' అనే ఆ చిత్రాన్ని గురించి నా విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

బెర్గ్‌మన్ ఒక క్రైస్తవ మతాచార్యుని కుమారుడు. బాల్యమంతా ప్రార్థనా మందిరాల నీడలో, వాటి గోడల మీది పాత చిత్రాలను చూస్తూ గడిపినవాడు. ఒక మధ్యయుగపు చర్చి కుడ్యచిత్రంలో మృత్యువు ఒక మనిషితో చదరంగం ఆడుతూ ఉంటుంది. ఆ ఊహే ఈ చిత్రానికి బీజం. తనను వెంటాడిన మృత్యుభయమే దీనికి మూలమని దర్శకుడు తానే చెప్పుకున్నాడు. తొంభై ఆరు నిమిషాల ఈ నలుపు తెలుపు చిత్రానికి 1957 కాన్ ఉత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి లభించింది. చిత్రం పేరు బైబిలులోని చివరి గ్రంథం నుండి గ్రహించినది. అక్కడ ఏడవ ముద్ర విప్పబడినప్పుడు పరలోకంలో నిశ్శబ్దం ఆవరిస్తుంది. ఆ నిశ్శబ్దమే ఈ చిత్రానికి ప్రాణం.

కథ క్లుప్తంగా ఇది. ఆంటోనియస్ బ్లాక్ అనే యోధుడు పదేళ్లు మతయుద్ధంలో పోరాడి తన దేశానికి తిరిగి వస్తాడు. వచ్చేసరికి దేశమంతా ప్లేగు వ్యాపించి ఉంటుంది. సముద్రతీరాన నల్లని వస్త్రాలు ధరించిన మృత్యువు అతని ఎదుట నిలుస్తుంది. యోధుడు పారిపోడు, ప్రాధేయపడడు. చదరంగం ఆడదామని పిలుస్తాడు. ఆట సాగినంత కాలం తనకు గడువు, గెలిస్తే విముక్తి. చారిత్రకంగా చూస్తే ఇది పొసగదు. పుణ్యభూమిలోని మతయుద్ధాలు 1291లో అక్కా నగర పతనంతో ముగిశాయి. స్వీడన్‌కు మహా ప్లేగు సోకింది 1350 ప్రాంతంలో. కాని బెర్గ్‌మన్ ఉద్దేశం చరిత్ర రచన కాదు. ఏ కాలంలోనైనా భయంతో వణికే మానవుని చిత్రించడమే ఆయన లక్ష్యం.

ఒక ముస్లిముగా ఈ చిత్రాన్ని చూస్తున్నప్పుడు నాకు రెండు విషయాలు వింతగా తోచాయి. మొదటిది, ఈ యోధుడు పోరాడింది నా పూర్వ విశ్వాసుల మీదనే. అయినా అతని బాధ నాకు పరాయిగా అనిపించలేదు. ఆ యుద్ధానికి వెళ్లమని అతనికి నూరిపోసిన మతవిద్యావంతుడు ఇప్పుడు శవాల మీది నగలు దొంగిలిస్తూ పట్టుబడతాడు. దైవం పేరిట ద్వేషాన్ని బోధించినవాని గతి అదేనని దర్శకుడు సూచించాడు. ఈ సూచన ఒక్క మతానికే చెందినది కాదు. రెండవది, మృత్యువుతో అతడు ఆడే ఆట. చతురంగం మన దేశంలో పుట్టింది. పారశీకుల, అరబ్బుల చేతుల్లో షత్రంజ్‌గా మారి ఐరోపా చేరింది. ఆటను ముగించే 'షా మాత్' అన్న మాట ఈనాటికీ ఆంగ్లంలో 'చెక్‌మేట్'గా వినిపిస్తుంది. శత్రువులుగా తలపడిన జాతులు ఒకే బల్ల మీద ఒకే ఆట ఆడుకున్నాయి. ఆ బల్లకు ఆవలి వైపున అందరికీ ఒకే ప్రత్యర్థి ఉన్నాడు.

యోధుని వేదన ఏమిటి? అతనికి విశ్వాసం చాలదు, జ్ఞానం కావాలి. దేవుడు తన ముఖం చూపాలి, తనతో మాట్లాడాలి. ప్రార్థనా మందిరంలో కిటికీ ఊచలకు ఆవల ఉన్నది మతగురువని భావించి తన గుండె విప్పి చెప్పుకుంటాడు. ఆట ఎత్తులు కూడా చెప్పివేస్తాడు. ఆవల ఉన్నది మృత్యువే! ఇంతకంటె క్రూరమైన పరిహాసం ఉంటుందా? అయితే ఆ క్షణాన అతడు కుప్పకూలడు. తన చేతిని చూసుకుంటాడు. నరాలలో నెత్తురు ప్రవహిస్తోంది, ఆకాశంలో సూర్యుడున్నాడు, తాను మృత్యువుతో ఆడుతున్నాడు. ఆ స్పృహలో ఒక గర్వం, ఒక ఆనందం తొణికిసలాడుతాయి. దొరికిన గడువులో అర్థవంతమైన పని ఒక్కటి చేయాలన్నదే అతని కోరిక.

అతని అనుచరుడు యోన్స్ పూర్తిగా వేరు. అతనికి దేవుని మీద నమ్మకం లేదు, పరలోకం మీద ఆశ లేదు. పరిహాసమే అతని కవచం. కాని దుండగుని బారి నుండి ఒక యువతిని కాపాడేది అతడే. మంత్రగత్తె అన్న నింద మోపి ఒక బాలికను దహిస్తుంటే ఆగ్రహంతో, జాలితో తల్లడిల్లేది అతడే. నిరాశావాది హృదయంలో సైతం కరుణ ఉండగలదని, విశ్వాసినని చెప్పుకొనే వాని హృదయంలో అది ఎండిపోగలదని ఈ పాత్ర మనకు తెలియజేస్తుంది. విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి.

ఈ చిత్రాన్ని నేను మొదట విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజుల్లో చూశాను. అప్పుడు అది నాకు ఒక గొప్ప కళాఖండం, అంతే. రెండవసారి 2021లో చూశాను. ఆ ఏడాది మే నెలలో మా అబ్బాజాన్ కరోనా వ్యాధితో మరణించారు. ఆయన దర్జీ. మా పేటలో దిక్కులేనివారెవరు పోయినా కఫన్ గుడ్డ ఆయన దుకాణం నుండే వెళ్లేది. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోకుండా కొలిచి, కత్తిరించి, మడిచి ఇచ్చేవారు. అటువంటి మనిషి ప్లాస్టిక్ సంచిలో చుట్టబడి వెళ్లిపోయారు. జనాజా నమాజులో మేము ఆరుగురమే నిలబడ్డాం. ఆయన ముఖం చూసే భాగ్యం నాకు కలగలేదు.

"బేటా, మీ అబ్బాకు గుస్ల్ అయిందా?" అని ఆ రాత్రి అమ్మీ అడిగింది. నీటితో స్నానం చేయించడం వీలుకాని పరిస్థితిలో తయమ్ముమ్ చాలునని ధర్మవేత్తలు చెప్పిన సంగతి చెప్పాను. ఆమె తల ఊపి ఊరుకుంది. నా మనసు మాత్రం ఊరుకోలేదు. జీవితమంతా ఇతరులకు కఫన్ కత్తిరించిన మనిషికి ఆ మూడు గుడ్డలు కూడా ఎందుకు దక్కలేదు? యోధుడు ఊచల ముందు నిలబడి అడిగిన ప్రశ్న నా ప్రశ్నే అయింది. జవాబు రాలేదు. ఇద్దత్‌లో ఉన్న అమ్మీ మూడవ రోజు ఉదయం గిన్నె నిండా గంజి కాచి నా చేతికిచ్చింది. "పక్కింట్లో అందరూ జ్వరంతో పడి ఉన్నారు. గడప దగ్గర పెట్టి, పిలిచి రా" అన్నది. ఆ ఇంటివారు మా మతంవారు కారు. ఆ సంగతి ఆమెకు గుర్తు కూడా వచ్చి ఉండదు.

రెండవసారి చిత్రం చూసినప్పుడు నేను మృత్యువును చూడలేదు, పాలగిన్నెను చూశాను. కొండవాలున యోఫ్, మియా అనే సంచార నట దంపతులు, వారి పసిబిడ్డ మికాయెల్ కూర్చుని ఉంటారు. మియా ఆ యోధునికి అప్పుడే కోసిన స్ట్రాబెరీ పండ్లు, గిన్నెడు పాలు ఇస్తుంది. సంధ్య వెలుగు పరచుకొని ఉంటుంది. యోధుడు ఆ గిన్నెను రెండు చేతులా పట్టుకొని, ఈ ఘడియను జ్ఞాపకంగా భద్రపరచుకుంటానని అంటాడు. దేవుడు అతనితో మాట్లాడలేదన్నది నిజమే. కాని ఆ సాయంకాలం అతనికి ఎవరో ఆకలి తీర్చారు. దానిని జవాబుగా స్వీకరించడమా, మానడమా అన్నది మన వివేకానికి వదలిన విషయం.

కడకు యోధుడు ఓడిపోతాడు. కాని ఓడేముందు తన పై వస్త్రంతో పావులను పడదోస్తాడు. మృత్యువు వాటిని తిరిగి సర్దే ఆ కొద్ది వ్యవధిలో యోఫ్, మియా బిడ్డతో సహా తప్పించుకుంటారు. అతడు కోరిన అర్థవంతమైన పని అదే. తన సందేహాలు తీరకుండానే అతడు దానిని చేశాడు. ఇక్కడే నాకు ఈ చిత్రపు హృదయం కనిపిస్తుంది. జ్ఞానం లభించిన తరువాత మంచి చేద్దామనుకునేవారికి ఆట సగంలోనే గడువు తీరిపోతుంది. మన ధర్మంలో విశ్వాసుల మొదటి లక్షణంగా చెప్పబడినది గైబ్‌ను, అంటే కంటికి కనిపించని దానిని నమ్మడం. కనిపించనంత మాత్రాన చేతులు ముడుచుకోమని ఎక్కడా చెప్పబడలేదు. ప్రళయ ఘడియ వచ్చినా చేతిలో ఖర్జూరపు మొక్క ఉంటే నాటగలిగితే నాటమన్న ప్రవక్త బోధన మనకు తెలిసినదే.

మన పెద్దలు ఒక మాట చెబుతుంటారు. బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ పలుకుతారు, ఆ అజాన్‌కు నమాజు ఉండదు. మనిషి పోయిన తరువాత జనాజా నమాజు చేస్తారు, ఆ నమాజుకు అజాన్ ఉండదు. పుట్టినప్పటి అజాన్‌కూ పోయినప్పటి నమాజుకూ నడుమ ఉండే స్వల్ప వ్యవధియే జీవితం. బెర్గ్‌మన్ చదరంగపు బల్ల మీద చూపిన గడువు కూడా అదే కదా!

ప్రియ విద్యార్థులారా! మీ వయసులో మృత్యువు దూరపు వార్త. అయినా 2020, 2021 సంవత్సరాలు మీలో అనేకుల ఇళ్ల తలుపులు తట్టాయని నాకు తెలుసు. కొందరు తండ్రిని కోల్పోయి ఈ తరగతి గదులలో మౌనంగా కూర్చున్నారు. అటువంటి వారికి నేను ఉపదేశాలు చేయబోను. నిరాశ కలగడం అవిశ్వాసం కాదు. దానిలోనే స్థిరపడిపోవడం మాత్రం తగదు. నా తండ్రి మరణానికి అర్థమేమిటో నేటికీ నాకు బోధపడలేదు. అయినా ఆయన కత్తెర, కొలత పట్టీ మా ఇంట్లో ఉన్నాయి. మా తమ్ముడు ఆ దుకాణం నడుపుతున్నాడు. పేటలో దిక్కులేని వారెవరైనా కన్ను మూస్తే ఈనాటికీ కఫన్ గుడ్డ అక్కడి నుండే వెళుతున్నది.