డాక్టరు చీటీ

నా చేతికొచ్చిన చీటీ మీద డాక్టరని ఉంది. మా బావ చీటీ మీద బందిపోటని ఉంది. పక్షం మాత్రం ఇద్దరిదీ ఒకటే. టెక్సస్‌లో, డాలస్‌కి గంటన్నర దూరంలో, ఒక శనివారం పొద్దున అరవై దగ్గరపడ్డ మేమిద్దరం మొహాలకు ముసుగులు బిగించుకుని, ప్లైవుడ్‌తో కట్టిన ఓ ఊరి చివర నిలబడ్డాం. తీసుకొచ్చింది బావ కొడుకు. ‘మీరు చిన్నప్పుడు ఆడిన ఆటే మావయ్యా, కాకపోతే ఇక్కడ తూటాల్లో రంగుంటుంది’ అన్నాడు.

పెయింట్‌బాల్‌లో ఈ తరహాని సినేరియో అంటారు. దానికో కథ ఉంటుంది. మాకు దొరికింది పాత పడమటి అమెరికా కథ. ఒక బ్యాంకు, ఒక జైలు, ఒక సారా కొట్టు. ఇటు దొంగలు, అటు షెరీఫ్ మనుషులు. చీటీలో ఏ వేషం రాసుంటే రెండు రోజులూ అదే మనం. కాసేపటికొక పని అప్పజెబుతారు. బ్యాంకులో మూట ఎత్తుకు రమ్మంటారు, జైల్లో మనిషిని విడిపించమంటారు. పనికిన్ని మార్కులు, ఆదివారం మధ్యాహ్నం కూడిక. రంగు గుండు తగిలి పగిలితే చెయ్యి పైకెత్తి ‘ఔట్’ అని ఎవరికి వారే చెప్పాలి, ఎవరూ చూడకపోయినా సరే. ఈ నియమం విన్నప్పుడే ఆట మీద నాకు గౌరవం కలిగింది. గుడివాడలో మా వీధిలో ‘తగిలింది’, ‘తగల్లేదు’ అన్న రెండు మాటల మీదే ఎన్ని స్నేహాలు తెగిపోయేవో!

ఆ తుపాకి కథ కూడా తెలుసుకోదగ్గది. అది పుట్టింది ఆటకు కాదు. అడవిలో నరకాల్సిన చెట్లకూ, మందలో వేరు చెయ్యాల్సిన పశువులకూ దూరం నుంచి రంగు గుర్తు వెయ్యడానికి నెల్సన్ అనే రంగుల కంపెనీ అమ్మిన పనిముట్టు. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లోని హెనికర్ దగ్గర అడవిలో 12 మంది దానితో మొదటిసారి ఆట ఆడారు. గెలిచినాయన అడవుల పని తెలిసినవాడు. ఒక్క గుండు కూడా పేల్చకుండా, ఎవరికీ కనబడకుండా జెండాలన్నీ పట్టుకొచ్చాడు. గుండు కూడా చేపనూనె మాత్ర లాంటిదే: పైన జెలటిన్ తొడుగు, లోపల నీళ్ళతో పోయే రంగు. సెకనుకు 300 అడుగులు దాటకుండా తుపాకుల వేగం ముందే కొలుస్తారు. ఆ వేగానికే వీపు మీద రూపాయి బిళ్ళంత కమిలిపోతుంది.

పశువుల సంగతి వినగానే బావ కళ్ళు వెలిగాయి. ‘అయితే ఇది మన పనిముట్టేరా’ అన్నాడు. నాగాయలంకకు దిగువన, పదేళ్ళప్పటికే గేదెల్ని కాసినవాడు. నిజమే, కౌబాయ్ అంటే పశువుల కాపరే. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక ఓ ఇరవై ఏళ్ళ పాటు టెక్సస్ మందల్ని కాన్సస్ రైలు స్టేషన్ల దాకా తోలుకెళ్ళిన కూలివాళ్ళు. వాళ్ళలో నల్లవాళ్ళు చాలామంది, మెక్సికో వాళ్ళూ ఉన్నారు. ఎండా దుమ్మూ తప్ప రోజూ తుపాకి కాల్పులేమీ లేని బతుకులు. వాళ్ళు మెడలో కట్టుకునే గుడ్డ పేరు బండానా. ఆ మాట మన దేశపు బాంధనీ అద్దకం నుంచే వాళ్ళకు చేరింది. అందుకే నేను పెడన కలంకారీ గుడ్డ ముక్క ఒకటి మెడకు కట్టుకుని వెళ్ళాను.

మాకు కౌబాయ్‌ని చూపించింది సినిమా హీరో కృష్ణ గారు. ‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971లో వచ్చింది. ఆరుద్ర రచన, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం. ఇటలీ వాళ్ళు స్పెయిన్ ఎడారుల్లో తీసిన కౌబాయ్‌ని చూసి, తెనాలి పక్క బుర్రిపాలెం మనిషి రాజస్థాన్ ఇసుకలో గుర్రమెక్కాడు. అంతదూరం తిరిగొచ్చిన వీరుణ్ణి మేం మళ్ళీ మళ్ళీ చూసింది బావ వాళ్ళ దివిసీమ టూరింగ్ టాకీసుల్లో, నేల టిక్కెట్టు మీద. చుట్టూ వరిచేలు, కాలవలు, మోకాలి దాకా బురద. ఎడారి అనేది మాకు హంసలదీవి దగ్గర, కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఇసుక మీద మాత్రమే దొరికేది. తాటిమట్ట గుర్రం, తాటాకు టోపీ. దీపావళికి కొన్న రీళ్ళ తుపాకి సంక్రాంతి దాకా రావాలని రీలును పొట్లం కట్టి బియ్యం డబ్బాలో దాచేవాళ్ళం.

ఆ ఆటలో చావడం బావ విద్య. కృష్ణ గారి వేషానికి మేమందరం కొట్టుకుంటుంటే, తను విలన్ పక్కన నిలబడే పేరు లేని మనిషి వేషం అడిగి పుచ్చుకునేవాడు. తుపాకి టప్‌మనగానే గుండె పట్టుకుని, రెండడుగులు తూలి, గడ్డివామి మీద నుంచి జారి, నేల మీద పడి, ఒక కాలు చివరిసారి కొట్టుకునేది. పెద్దవాళ్ళు కూడా నిలబడి చూసేవాళ్ళు. ఇందులో నవ్వడానికేం లేదు. కూచిపూడి మాకు ఎంతో దూరం కాదు. వేషం ఏదైనా దాన్ని నిండుగా కట్టాలన్న పట్టుదల ఆ నేలలో ఉంది.

1977లో దీపావళికి బావ మా ఇంటికొచ్చి, రెండు రీళ్ళు జేబులో వేసుకుని వెళ్ళాడు. పది రోజులైనా కాలేదు. నవంబర్ 19, శనివారం. దివిసీమ మీద ఉప్పెన.

పోయినవాళ్ళు లెక్కల్లో కనీసం పదివేల మంది. సొర్లగొంది లాంటి ఊళ్ళ పేర్లు అప్పటిదాకా మా ఇంట్లో పెళ్ళి మాటల్లో వచ్చేవి, ఆ తర్వాత వేరే గొంతుతో పలకడం మొదలైంది. బావ తుమ్మచెట్టు కొమ్మ పట్టుకుని రాత్రంతా ఉన్నాడు. ముళ్ళు అరచేతుల్లోంచి ఎన్నో రోజుల వరకు తీస్తూనే ఉంది మా అమ్మ. హంసలదీవి ఇసుకలో మాతో గుర్రాలెక్కిన పిల్లల్లో ఎందరు మిగిలారని నేను అడగలేదు. ఈనాటికీ అడగలేదు.

ఆ తర్వాత వాణ్ణి గుడివాడలోనే బళ్ళో వేశారు. వేసవి రాగానే ఆట మళ్ళీ మొదలైంది. ఎవడో టప్‌మనిపించాడు. బావ పడలేదు. అలాగే నిలబడి, ‘నేను పడుకోను’ అన్నాడు. అంతే. మా వీధి పిల్లలు గొప్పవాళ్ళని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఒక్కడూ ఎందుకని అడగలేదు. ఆ రోజు నుంచి మా ఆటలో ఎవరూ పడలేదు. గుండు తగిలినవాడు గోడ దగ్గరికెళ్ళి, వీపు ఆనించి నిలబడేవాడు, అంతే.

టెక్సస్‌లో తగిలినవాడికి రెండు దారులున్నాయి. చెయ్యెత్తి వెనక గుడారానికి నడిచి, ఇరవై నిమిషాలు కూర్చుని మళ్ళీ బతకొచ్చు. లేదంటే పడ్డచోటే పడుకుని డాక్టర్ని కేకెయ్యాలి. డాక్టరు వచ్చి రంగు పూర్తిగా తుడిస్తే అక్కడికక్కడే లేవొచ్చు. శనివారమంతా బావకి నాలుగుసార్లు తగిలింది. నాలుగుసార్లూ గుడారానికే నడిచాడు. నేను ఎవరెవరినో తుడిచాను. పాతికేళ్ళ కుర్రాణ్ణీ, ఒక బడి పంతులమ్మనూ, ఉద్యోగం మానేసిన సైనికుడొకాయన్నీ. లేచిన ప్రతివాళ్ళూ థాంక్స్ డాక్ అని పరిగెత్తేవాళ్ళు. వైద్యం చెయ్యడం ఇంత సుఖంగా ఉంటుందని నాకు తెలీదు.

ఆదివారం పదిన్నరకు బ్యాంకు పని వచ్చింది. బావ ముందు వెళ్ళాడు. గుమ్మం దాటి మూట పట్టుకోబోతుండగా పొట్ట మీద పచ్చ రంగు విచ్చుకుంది. నేను పీపా వెనక నుంచి చూస్తున్నాను. చెయ్యి పైకెత్తాడు. గుడారం వైపు ఒకసారి చూశాడు. తర్వాత నేలను చూశాడు. నెమ్మదిగా మోకాళ్ళ మీద వంగి, ఒక చెయ్యి ఆసరా చేసుకుని, వెల్లకిలా పడుకున్నాడు. కాలు ఒక్కసారి కొట్టుకుంది.

‘ఒరేయ్, డాక్టరూ!’

పరిగెత్తాను. మెడలో గుడ్డ విప్పి, సీసాలో నీళ్ళు పోసి తుడవడం మొదలెట్టాను. ముసుగు అద్దం వెనక కళ్ళు తెరిచే ఉన్నాయి, పైకి చూస్తున్నాడు. ఇద్దరం మాట్లాడుకోలేదు. పచ్చ రంగు కలంకారీ ఎరుపు మీదికి వచ్చేసింది, చొక్కా శుభ్రమైంది.

‘అయిందా?’ అన్నాడు.

‘ఇంకొంచెం ఉంది, కదలకు’ అన్నాను. ఏమీ లేదు. అయినా ఇంకాసేపు తుడిచాను.

మూట ఇంకా గుమ్మంలోనే ఉంది. నా భుజం పట్టుకుని లేచి, బావ అటు పరిగెత్తాడు.