రాణికి ఈడొచ్చిందా?

మా నేపర్‌విల్ నుంచి టిన్లీ పార్క్ ముప్పావు గంట దారి. చికాగోకి దక్షిణాన, 80వ నంబరు హైవే పక్కనే పెద్ద కన్వెన్షన్ సెంటర్. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ అక్కడ పాములు, బల్లులు పెంచేవాళ్ల సంత జరుగుతుంది. అక్టోబరు ఆదివారం, చెట్లన్నీ ఎర్రబడిన దారిలో బయల్దేరాం. ఎక్కడికి వెళ్తున్నామో మా అత్తగారికి మాత్రం ఫోన్‌లో చెప్పలేదు.

16 ఏళ్ల మా అమ్మాయి ఒక ఆడ బోవాని పెంచుతోంది. పేరు రాణి. నేను కొండచిలువ అన్నప్పుడల్లా దిద్దుతుంది: "అమ్మా, కొండచిలువ గుడ్లు పెడుతుంది. బోవా పిల్లల్నే కంటుంది." మన చేలల్లో కనిపించే రెండు తలల పాము దీనికి దూరపు చుట్టమట, అదీ పిల్లల్నే కంటుందట. ఇంట్లో కోడిగుడ్డు కూడా వండని నేను, గరాజ్‌లో విడిగా ఫ్రీజర్ కొని ఎలుకలు పెట్టాను. రెండు వారాలకొకటి చాలని మా అమ్మాయి అంటే, ఎదిగే పిల్ల కదా అని వారం వారం పెట్టించిందీ నేనే.

లోపల వరసగా బల్లలు, వాటి మీద ప్లాస్టిక్ డబ్బాలు. ఒక్కో డబ్బాలో చుట్ట చుట్టుకున్న పిల్లపాము, మూత మీద ధర. చంటిపిల్లల్ని స్ట్రోలర్లలో తోసుకుంటూ తల్లులు తిరుగుతున్నారు. మేం వెళ్లింది రాణికి జోడీ వెతకడానికి.

ఒక కుర్రాడు ఫోన్‌లో ఫొటో చూసి, "అయిదున్నర అడుగులుందిగా, రెడీ! ఈ చలికాలం నా మగపాముని ఇస్తా, పిల్లల్లో సగం నాకు" అన్నాడు. ఒక్క కాన్పులో 20, 30 పిల్లలు మామూలే. మా అమ్మాయి అప్పుడే కాలేజీ ఖర్చుల లెక్కల్లో పడింది.

నాలుగు బల్లల అవతల 60 దాటిన ఒకావిడ కూర్చునుంది. 30 ఏళ్లుగా బోవాలు పెంచుతోందట. ఆవిడ పొడవు అడగలేదు. "ఎన్ని చలికాలాలు చూసింది?" అంది. రెండు. "బరువు?" 7 పౌండ్లు, అంటే మూడు కిలోల పైనే. "రెండేళ్లకే అంత బరువెలా వచ్చింది?" నేను తల దించుకున్నాను.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మగది రెండేళ్లకే సిద్ధమవుతుంది. ఆడదానికి మూడు, నాలుగేళ్లు నిండాలి. రాణి లాంటి రకానికి మూడు కిలోల బరువు సరిపోతుంది గానీ, అది నిదానంగా రావాలి. ఒళ్లు బ్రెడ్ ముక్కలా పక్కలు నిటారుగా, పైన కాస్త గుండ్రంగా ఉండాలి. వెన్ను తేలితే తిండి చాలనట్టు. సొరకాయలా ఉబ్బి, తోక మొదట్లో మడతలు పడితే అది కొవ్వు. చేతికి తీసుకుంటే కండ గట్టిగా తగలాలి. కడుపుతో ఉన్న నాలుగు నెలలూ చాలా బోవాలు తిండి ముట్టవు, వేడి దగ్గరే పడుంటాయి. కాన్పయ్యేసరికి చిక్కి సగమవుతాయి. మళ్లీ జత కలపాలంటే ఏడాదైనా విడుపివ్వాలి.

ఆ మాటలు వింటుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పొడుగ్గా ఎదిగిందని, ఈడొచ్చిందని 13వ ఏటే కాపురానికి పంపేశారు. 15వ ఏట తొలి కాన్పు. బిడ్డ దక్కలేదు, ఆవిడ నడుం నొప్పి చివరిదాకా పోలేదు. "ఒళ్లు పెరిగింది గానీ నేను పెరగలేదే" అనేది. ఆ సంగతి మా అమ్మాయికి కారులో మొదటిసారి చెప్పాను. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఫిలడెల్ఫియా జూలో ఒక బోవా 40 ఏళ్లు దాటి బతికిందటమ్మా" అంది చివరికి. "ఇంకో రెండు చలికాలాలు ఆగితే ఏం పోయింది?"

ఆ కుర్రాడికి వద్దని మెసేజ్ పెట్టింది. ఇంటికి రాగానే ఫ్రీజర్ మూత మీద కాగితం అంటించింది: "రాణికి మూడు వారాలకొకటే. అమ్మా, ప్లీజ్!"