మెటియాబ్రుజ్‌లో ఒక రోల్ నంబర్ కోసం

కలకత్తా మెటియాబ్రుజ్ సందుల్లో దారి అడిగితే ఎదురు ప్రశ్న వేస్తారు: ఏ హాటుకి? బయటివాడు ఇక్కడికి వచ్చేది బట్టల మూటలు కొనుక్కుపోవడానికేనని వాళ్ళ లెక్క. చిన్నపిల్లల గౌన్లు, బాబా సూట్లు ఇక్కడే కత్తిరించి, ఇక్కడే కుట్టి, శని ఆదివారాల్లో హాట్లలో టోకున అమ్ముతారు. మన ఊళ్ళ సంతల్లో తాడుకి వేలాడే గౌన్లలో కొన్ని ఈ సందుల్లోంచి వచ్చినవే కావచ్చు.

1856లో ఇంగ్లీషువాళ్ళు అవధ్‌ను కలిపేసుకున్నాక నవాబు వాజిద్ అలీ షా కలకత్తా వచ్చి హుగ్లీ ఒడ్డున ఇక్కడే మకాం పెట్టాడు. ఆయన వెంట వంటవాళ్ళు, పాటగాళ్ళు, దర్జీలు వచ్చారు. కలకత్తా బిర్యానీలో బంగాళాదుంప ఆ వంటవాళ్ళ చలవేనంటారు. కుట్టుపని కూడా వాళ్ళతోనే వచ్చిందంటారు. నవాబు మళ్ళీ లక్నో మొహం చూడకుండానే 1887లో పోయాడు. తాను కట్టించుకున్న సిబ్తైనాబాద్ ఇమాంబాడాలోనే సమాధి. చూశాను, బాగుంది. నేను వచ్చిన పని మాత్రం వేరు.

మా బావది గార్డెన్‌రీచ్‌లో రైల్వే ఉద్యోగం. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే. పాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఈ లైను మన శ్రీకాకుళం, విజయనగరం మీదుగా వాల్తేరు దాకా పోయేది. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఈ ఆఫీసు కిందే ఉండేది. అందుకే ఖరగ్‌పూర్‌లోనూ ఇక్కడి క్వార్టర్లలోనూ తెలుగు ఇళ్ళు దొరుకుతాయి. మా అక్క కూతురికి ఇరవై ఏళ్ళు. డౌన్ సిండ్రోమ్. ఓపెన్ స్కూల్లో పది పాసయింది: హిందీ, బెంగాలీ, హోం సైన్స్, పెయింటింగ్, డేటా ఎంట్రీ. ఆ ఓపెన్ స్కూలు ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలిస్తుంది. ఒక్కో సబ్జెక్టూ వీలున్నప్పుడు రాసుకోవచ్చు. ఈ పిల్ల ఆరింటిలో ముగించింది.

"మావయ్యా, నేను కాలేజీకెళ్తాను" అంది నేను చెప్పులు విప్పేలోపే.

"ఏ కాలేజీకే?" అన్నాను.

"పెద్ద కాలేజీ. క్యాంటీనుంటాది."

అక్క నవ్వలేదు. స్కూలు అయిపోయినప్పట్నుంచీ పిల్ల ఇంట్లోనే ఉంది. ఫోను, టీవీ, సాయంత్రం అమ్మతో కూరగాయల బజారు. ఫోన్లో పలకరించే స్నేహితులు లేరు. స్కూల్లో తనతో చదివినవాళ్ళలో ఒక్కడు మాత్రం దగ్గర్లో ఉన్నాడని, వాణ్ణి చూసొస్తే నాకే అర్థమవుతుందని బావ అన్నాడు. ఆ కుర్రాడి అన్న మెటియాబ్రుజ్‌లో ఓస్తాగర్, అంటే కారిగర్లను (కుట్టు పనివాళ్ళను) పెట్టుకుని ఆర్డర్లు కుట్టించే యజమాని.

గురువారం వెళ్ళాం. హాటు ముందు హడావిడి. కింద గదిలో కటింగు, మెట్లెక్కితే మిషన్లు. ఓవర్‌లాక్ మిషన్ల రొదలో మాట్లాడాలంటే అరవాలి. ఫ్యాను గాలికి నూలుపోగులు లేచి కళ్ళలో పడుతున్నాయి. కిటికీ పక్కన చాప మీద కుర్రాడు. ఇరవై మూడేళ్ళుంటాయి. దారాలు తుంచే చిన్న కత్తెరతో గౌను అంచుల వెంట తోకలు కత్తిరిస్తున్నాడు. తొందర లేదు, కానీ ఒక్క పోగు వదలడం లేదు. చంకల దగ్గర ఇంకోసారి తిప్పి చూస్తున్నాడు.

గోడకి ఒక చెక్కపలక ఉంది. దానికి రెండు వరుసల్లో పన్నెండు మేకులు. శుభ్రం చేసిన గౌను మేకుకి తగిలిస్తాడు. మేకులన్నీ నిండితే డజను. గుడ్డపేలికతో కట్ట కట్టి పక్కకి నెడతాడు. ఏడు దాటితే అతనికి లెక్క తప్పుతుంది. ఆ పలక ముందు లెక్కతో పనే లేదు. ఎవరు చేశారని అడిగితే ముర్షిదాబాద్ కారిగర్ ఒకాయన చెయ్యెత్తాడు. కట్టలో ఓసారి పదకొండు, ఓసారి పదమూడు వస్తుంటే విసిగిపోయి మేకులు కొట్టేశాడట.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది. ఇప్పటి పేరు నీపిడ్. టీచర్లకు అలాంటి చోట్ల నెలల తరబడి నేర్పే సంగతిదే: పిల్లవాడికి పని లొంగకపోతే పనినే కాస్త మార్చు. విసుగులో మేకులు కొట్టిన మనిషి ఆ పని చేసేశాడు.

ఇది చూసి మురిసిపోయి వెనక్కి రావచ్చు. ఇలాంటి చోట్ల గురించి రాసే చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నేను కూలి సంగతి అడిగాను. కారిగర్లకు పీసుకింత. తమ్ముడికి? అన్న కాస్త నొచ్చుకున్నాడు. "వాడికి డబ్బెందుకు సార్, ఇదంతా వాడిదే కదా?" అన్నాడు. అబద్ధమాడాడని అనను. ఆ ప్రేమ కళ్ళకు కనిపిస్తూనే ఉంది. కానీ ఇదంతా వాడిదేనని ఏ కాగితం మీదా లేదు. పలక పెట్టి నాలుగేళ్ళయింది, ఆ తర్వాత అతనికి కొత్తగా నేర్పింది ఏమీ లేదు. నా చెయ్యి పట్టుకుని బొత్తాలు కుట్టే మిషను దగ్గరికి లాక్కెళ్ళి "ఇది" అన్నాడు. సూది గుచ్చుకుంటుందని అన్న భయం. బొటనవేలి గోరు నల్లబడిన కారిగర్లు ఆ గదిలోనే ఉన్నారు. వాళ్ళందరికీ గుచ్చుకునే పని వచ్చింది.

అయినా మా మేనకోడలికి లేనిది అతనికి ఉంది. టీ తెచ్చే వంతు ఉంది. క్రికెట్ గొడవలో అతని పక్షం ఉంది. ఈడువాళ్ళు అతన్ని ఆటపట్టిస్తారు, అతనూ వదలడు. ఆడపిల్లకి ఈ కార్ఖానాలో చోటు లేదు. ఇక్కడి ఆడవాళ్ళు దారాలు తుంచే పని ఇంటికి తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని చేసుకుంటారు.

బావ లెక్కలు వేరు. రైల్వే ఇచ్చే పిల్లల చదువు భత్యం వైకల్యం ఉన్న పిల్లలకు రెట్టింపు, ఇరవై రెండేళ్ళ దాకా వస్తుంది. కానీ 12వ తరగతి వరకే. "నేను పోయాక దీనికి బతికినంతకాలం ఫ్యామిలీ పింఛను ఇస్తారురా. దానికి మళ్ళీ ఇది తన తిండి తను సంపాదించుకోలేదని డాక్టరు రాసివ్వాలి. రేపు ఏదో నేర్చుకుని ఉద్యోగం చేసిందనుకో, అప్పుడు?" అన్నాడు. ఈ భయం చాలా ఇళ్ళలో ఉంది. నేర్పించడానికి చెయ్యి రానిది ప్రేమ ఎక్కువై మాత్రమే కాదు.

చట్టం లేదనడానికి లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు ఇవ్వాలంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం పెట్టి, అందులో ఒక శాతం ఆటిజం, బుద్ధిమాంద్యం వంటివాటికి కేటాయించింది. ఉచిత విద్య మాత్రం ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు. మన దగ్గర మండలాల్లో ఉండే భవిత కేంద్రాలూ బడి ఈడు పిల్లలకే. ఆపైన సీటుంది, దానికి మెట్టు ఇంటర్ మార్కులు. మా మేనకోడలు ఆ మెట్టెక్కాలంటే ఇంకో ఐదేళ్ళు పట్టచ్చు, అప్పటికి తోటివాళ్ళు కాలేజీ వదిలి వెళ్ళిపోతారు.

గార్డెన్‌రీచ్ పక్కనే తారాతలా. 1974లో సుధా కౌల్ మొదలుపెట్టిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెరిబ్రల్ పాల్సీ అక్కడే ఉంది. మాట రాని పిల్లలు బొమ్మల పలకలతో, గుర్తులతో తమ మాట చెప్పుకునే పద్ధతుల్లో దానికి పేరుంది. అక్కడ పనిచేసిన జీజా ఘోష్‌ను 2012లో కలకత్తాలో విమానంలోంచి దించేశారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2016లో గెలిచింది. పది లక్షల పరిహారం ఇమ్మన్నారు. ఆమెకు సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం కాదు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదివింది, మామూలు పరీక్షలే రాసింది. అలా రాయగలిగిన వాళ్ళకు తలుపు కొంతైనా తెరుచుకుంది. రాయలేని వాళ్ళ సంగతేమిటన్నదే మా ఇంట్లో ప్రశ్న.

కెనడాలో అల్బర్టా విశ్వవిద్యాలయం 1987లో ఈ ప్రశ్నని పక్కదారిలో విప్పింది. డిగ్రీ ఇవ్వక్కర్లేదు, క్లాసులో కూర్చోనివ్వండి అంది. తోటి విద్యార్థి ఒకరు నోట్సులో సాయం చేస్తారు, పాఠాన్ని ఆ విద్యార్థికి తగ్గట్టు చిన్నది చేస్తారు, సెలవుల్లో ఎక్కడో పనికి పంపుతారు. అమెరికాలో 2008 ఉన్నత విద్యా చట్టం తర్వాత ఇలాంటి విద్యార్థులు మామూలు హైస్కూల్ డిప్లొమా లేకపోయినా గుర్తింపు పొందిన కోర్సుల్లో చేరితే ఫెడరల్ ఆర్థిక సాయానికి అర్హులయ్యారు. అక్కడ ఇప్పుడు మూడు వందలకు పైగా కాలేజీలు ఇలా చేర్చుకుంటున్నాయి. అన్నీ బంగారమని కాదు. కొన్నింట్లో పేరుకే కాలేజీ, ఈ పిల్లలందరినీ మళ్ళీ ఒకే గదిలో కూర్చోబెడతారు. ఫీజుల మాట చెప్పక్కర్లేదు. అయినా అడిగే ప్రశ్న మారింది: పాసవుతుందా అని కాదు, ఇక్కడ ఏం నేర్చుకుంటుంది అని.

మెటియాబ్రుజ్ వెళ్ళొచ్చిన మర్నాడు దగ్గర్లోని ఒక కాలేజీకి వెళ్ళాం, పిల్లని తీసుకునే. హోం సైన్స్ మేడం మంచి మనిషి. ఓపెన్ స్కూల్ మార్కుల షీటు తిప్పి చూసి, పిల్ల పెయింటింగులు చూసి, "వెనక బెంచీలో కాదు, ముందే కూర్చోబెడతాను, పంపండి" అంది. ఆఫీసు గుమాస్తా దగ్గర ఆగింది వ్యవహారం. అడ్మిషన్లు పోర్టల్లో. రోల్ నంబర్ లేకపోతే ఐడీ కార్డు రాదు. ఐడీ లేకపోతే గేటు దాటనివ్వరు, లైబ్రరీ కార్డు ఇవ్వరు. హాజరు ఏ గళ్ళో వెయ్యాలి? ప్రశ్న న్యాయమైనదే. వాళ్ళ కంప్యూటర్లో అలాంటి గడి లేదు. ఈలోగా మా పిల్ల క్యాంటీను కనిపెట్టేసింది. సమోసా కొనుక్కుని, చిల్లర లెక్కపెట్టుకుని వచ్చింది. రెండు రూపాయలు తక్కువిచ్చారని మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంది.

ప్రిన్సిపాల్ రాతపూర్వకంగా ఇమ్మన్నారు. ఒక్క సెమిస్టరు, ఒక్క సబ్జెక్టు, పరీక్ష లేదు, డిగ్రీ అడగం, అతిథి విద్యార్థిగా తాత్కాలిక కార్డు ఇవ్వండి అని అక్క ఆ రాత్రే రాసింది. బావ దాన్ని మూడుసార్లు దిద్ది ఆఫీసు భాషలోకి మార్చాడు. సంతకం పిల్లది, బెంగాలీలో. ఇంకా జవాబు రాలేదు. బావ రిమైండరు టైపు చేయిస్తున్నాడు. రైల్వేలో ఇన్నేళ్ళున్న మనిషి, ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఎవర్ని పలకరిస్తే కదులుతుందో ఆయనకి తెలుసు.