మచ్చలేని పటము

మా చెల్లెలు పొయ్యిమీఁది పాలు మఱచినపుడెల్ల సోమరితన మని మేము కసరితిమి. వైద్యులు దానిని లూపస్ అనిరి. దేహరక్షణశక్తియే దేహముపైఁ దిరుగఁబడు వ్యాధి యిది. రోగులు పదుగురిలో సుమారు తొమ్మండుగురు స్త్రీలే. ఎమ్మారై తీయించితిమి. మెదడు పటమున మచ్చ లేదు. "అంతయు నటనయే" యని బంధువు లనిరి. మేమును లోలోన నట్లే తలఁచితిమి.

అప్పుడు వైద్యురాలు చెప్పెను: సామాన్యముగాఁ దీయు ఎమ్మారై మెదడు నిర్మాణమును చూపును; పెట్ అను మఱియొక పటము మెదడు చక్కెరను వాడుకొను తీరును చూపును. ఎమ్మారైలో నేమియుఁ గానరాని లూపస్ రోగులు కొందఱిలో పెట్ పటమున మార్పులు కనఁబడినవి. 1999లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ లూపస్ నాడీమానసిక లక్షణములను 19గా విభజించినది. జ్ఞాపకశక్తి, ఆలోచనల లోపము అందొకటి.

చదువరులారా! యంత్రము సాక్ష్యము పలుకువఱకు ఆఁడుదాని మాట నమ్మఁగూడదా? నిన్న మరల పాలు పొంగినవి. మేమే లేచి పొయ్యి నార్పితిమి.