ఏది మార్చాలి, ఏది ఉంచాలి

బయట మంచు. కెనడాలోని బ్రాంప్టన్‌లో మా బేస్‌మెంట్‌లో కంప్యూటర్ పక్క మూత విప్పి కూర్చున్నాను. 2017లో నా చేత్తో బిగించుకున్న గేమింగ్ పెట్టె ఇది.

ఎవరి చూపైనా ముందు గ్రాఫిక్స్ కార్డు మీదికే పోతుంది. నాది రేడియాన్ ఆర్‌ఎక్స్ 580. రేడియాన్‌ను తెచ్చిన ఏటీఐ 1985లో పుట్టి, మాకు దగ్గర్లోని మార్కమ్ కేంద్రంగా ఎదిగింది. 2006లో ఏఎండీ కొనుక్కుంది. అందుకే ఆ కార్డంటే మా ఊరి సరుకన్న అభిమానం.

కానీ ఆట తడబడినప్పుడల్లా గమనించాను: కార్డుకు పని చాలడం లేదు, ప్రాసెసర్‌కే ఊపిరాడటం లేదు. అది మొదటి తరం రైజెన్ 5 1600. విండోస్ 11 అధికారిక జాబితాలో దానికి చోటు లేదు. విండోస్ 10 మద్దతేమో 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నా బోర్డుది ఏఎం4 సాకెట్ కావడం అదృష్టం. బయోస్ అప్‌డేట్ చేస్తే అందులోనే రైజెన్ 5 5600 కూర్చుంటుంది. 13 శాతం హెచ్‌ఎస్‌టీ పన్ను కలిపినా కొత్త పెట్టె ఖర్చులో కొంతే.

గుంటూరులో నాన్న సైకిల్‌కి చైను మార్చారు, టైర్లు మార్చారు. సైకిల్‌ని మార్చలేదు.

ముందు ప్రాసెసర్. కార్డు ఇంకో ఏడాది ఆగుతుంది. మీరూ కొనేముందు ఒక్కసారి టాస్క్ మేనేజర్ తెరిచి, ముందుగా అలసిపోతున్నది ఏదో చూడండి.