రివైవల్ క్యూ

మా పెద్దబావగారు ఎల్‌ఐసీ ఏజెంటు. తెనాలిలో ముప్పయ్యేళ్లుగా అదే పని. మా పిన్ని కొడుకు పెళ్లిలో భోజనాల బంతిలో నా పక్కన కూర్చుని, ముద్దపప్పులో నెయ్యి కలుపుకుంటూ అడిగారు: "ఏవోయ్, నువ్వింకా ఆ ఆటల కంపెనీలోనేనా? ఇప్పుడు పిల్లలంతా ఫోన్లలో తుపాకులు పేల్చుకునే ఆటలే కదా ఆడేది! మీ కత్తులూ డ్రాగన్లూ ఇంకా ఎవరికి కావాలి?"

ఇంతలో గోంగూర వచ్చింది, మాట పక్కకు పోయింది. పదహారేళ్లు దాటిన ఉద్యోగం గురించి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయానని మాత్రం నాకు గుర్తుండిపోయింది.

నా ఉద్యోగం పేరు గేమ్ మాస్టర్. పేరులో ఉన్న దర్జా పనిలో ఉండదు. గచ్చిబౌలిలో ఒక అద్దాల మేడ, ఐదో అంతస్తు. రాత్రి పదింటికి క్యాబ్ ఎక్కిస్తే పొద్దున తొమ్మిదింటికి ఇంటి దగ్గర దింపుతుంది. ఒప్పందం ప్రకారం మా ఆట పేరు బయట చెప్పకూడదు. వేలమంది ఒకే ప్రపంచంలో ఒకేసారి తిరిగే ఆట అంటే చాలు. అందులో మీకొక పాత్ర ఉంటుంది. దానికొక పేరు, ఒక వృత్తి, ఒక సంచి, ఆ సంచిలో ఏళ్ల తరబడి కూడబెట్టిన సామాను. మీరు కంప్యూటర్ కట్టేసి పడుకున్నా అక్కడ బజారు నడుస్తూనే ఉంటుంది. మామూలు వీడియో గేమ్‌కీ దీనికీ ఉన్న తేడా అంతా అదే. సామాను పోయినా, ఎవరైనా బూతులు తిట్టినా, రాయికీ చెట్టుకీ మధ్య ఇరుక్కుపోయినా ఆటగాడు ఒక ఫిర్యాదు రాస్తాడు. దాన్ని మేం టికెట్ అంటాం.

టికెట్లకు ఆటుపోట్లున్నాయి. చలికాలంలో మాకు రాత్రి పన్నెండున్నర అయితే జర్మనీలో ఎనిమిది. భోజనాలు ముగించుకుని ఆటకు కూర్చుంటారు, అది మొదటి పోటు. పొద్దున ఆరున్నరకు న్యూయార్క్‌లో ఎనిమిదవుతుంది, అది రెండోది. నడుమ మూడింటి నుంచి ఐదింటి దాకా ఆటు. టీ తాగేదీ, ఒకరి టికెట్లు ఇంకొకరికి చదివి వినిపించుకునేదీ అప్పుడే.

నేను చేరింది 2009లో. అప్పట్లో ఈ రంగానికి మకుటంలేని మహారాజు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. 2004 నవంబరులో మొదలైన ఆ ఆటకు 2010 నాటికి కోటీ ఇరవై లక్షలమంది చందాదారులు. దాన్ని పడగొడతామంటూ ఏటా ఎవరో ఒకరు కొత్త ఆటతో బయల్దేరేవారు. మా క్యూలో కూడా కొత్తవాళ్లే ఎక్కువ. "నేల చీలి కిందికి పడిపోతున్నాను," "నా గుర్రం కనిపించడం లేదు," "ఈ ఊళ్లోంచి బయటికి దారెటు?" ఎవరికీ కనబడకుండా వెళ్లి, మనిషిని పట్టి లాగి సత్రం గుమ్మంలో నిలబెట్టి రావడం, రాత్రికి నలభై యాభై సార్లు. బావగారి భాషలో చెప్పాలంటే అంతా న్యూ బిజినెస్.

చేరిన ఆర్నెల్లకు ఒక తప్పు చేశాను. పొరపాటున చేపల గాలం అమ్మేశాను, తిరిగి ఇప్పించమని ఒకావిడ టికెట్ పెట్టింది. ఆ గాలం ఖరీదు చూశాను. ఆటలో ఏ కొట్లో అయినా చిల్లర పైసలకు దొరుకుతుంది. తక్కువ విలువ వస్తువులు పునరుద్ధరించబోమన్న తయారు జవాబు, మేం మాక్రో అంటాం, అతికించి టికెట్ మూసేశాను. ఆవిడ మళ్లీ తెరిచింది. మళ్లీ మూశాను. మూడోసారి అది మా టీమ్ లీడ్ కంట్లో పడింది. ఆయన నన్ను పిలిచి వస్తువు వివరాలు తెరవమన్నాడు. కింద చిన్న అక్షరాల్లో ఒక పేరు ఉంది, దాన్ని తయారుచేసిన ఆటగాడి పేరు. ఆ ఖాతా నాలుగేళ్లుగా తెరుచుకోలేదు. "ధర చూశావు, పేరు చూళ్లేదు" అన్నాడాయన. గాలం తిరిగి ఇచ్చాం. ఆ పేరు ఎవరిదో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అప్పటి నుంచీ టికెట్‌లో మొదట పేర్లు చదవడం అలవాటైంది. ఈ ఆటల్లో పాతబడనిది ఆ పేర్ల వెనకున్న మనుషులే. 1978లో ఇంగ్లాండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు కట్టిన మడ్ అనే ఆటలో బొమ్మ అన్నదే లేదు, ఉన్నదంతా అక్షరాలే. అయినా అవతల ఇంకొక మనిషి ఉన్నాడు, అది చాలింది. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్ వచ్చేసరికి బొమ్మలు చేరాయి. వార్‌క్రాఫ్ట్ వచ్చిన 2004లో ఫేస్‌బుక్ కొన్ని అమెరికన్ కాలేజీలకే పరిమితం. వాట్సాప్ పుట్టనే లేదు. సముద్రాల అవతలి మనిషితో రోజూ సాయంత్రం కబుర్లాడుకోవాలంటే, కలిసి ఒక రాక్షసుణ్ని కొట్టడమూ ఒక దారి. ఇవాళ ఆ కబుర్లు ఫోన్లోనే దొరుకుతున్నాయి. కుర్రాళ్లకు కత్తులంటే విసుగేమీ లేదు. స్నేహితులను వెతుక్కోవడానికి కత్తి అవసరం లేకుండా పోయింది, అంతే.

కొత్తవాళ్లు తగ్గడానికి మా వైపు తప్పు కూడా ఉంది. పాత ఆటలో కొత్తవాడు అడుగుపెడితే మొదటి ఊళ్లో పిట్ట కూడా కనిపించదు. జనమంతా ఏళ్ల కిందటే చివరి మజిలీకి వలసపోయారు. వాళ్లను అందుకోవడానికి ఇతను వారాల తరబడి ఒంటరిగా నడవాలి. వేలమంది ఉన్నారని విని వచ్చినవాడికి ఒక్కడూ ఎదురుపడకపోతే ఎందుకు ఉంటాడు? జనం పలచబడితే రెండు సర్వర్లను, అంటే ఆ ప్రపంచపు రెండు నకళ్లను, ఒకటి చేస్తారు. ఆ వారం మాకు పండగే. ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరిది ఉంచాలి, ఎవరిది మార్చాలి? సరిహద్దు తగాదాల కంటే ఘోరం. వీటికి తోడు ఆటలోని బంగారాన్ని అసలు డబ్బుకు అమ్మే ముఠాలు, మనిషి లేకుండా రాత్రింబవళ్లు గని తవ్వే ప్రోగ్రాములు, బాట్లు. ఒకదాన్ని నిషేధిస్తే తెల్లారేసరికి రెండు.

మరి కొత్త ఆటలు రావడం లేదా అంటే, వస్తున్నాయి, ఉప్పెనలా. 2021 సెప్టెంబరులో న్యూ వరల్డ్ విడుదలైనప్పుడు స్టీమ్ అనే ఆటల దుకాణం ద్వారా ఏకకాలంలో తొమ్మిది లక్షలమంది ఆడారు. లోపలికి వెళ్లడానికి గంటల కొద్దీ వరసలు. 2022 ఫిబ్రవరిలో లాస్ట్ ఆర్క్ పదమూడు లక్షలు దాటింది. అంటే జనం ఉన్నారు, ఆశా ఉంది. కానీ ఉప్పెన నీళ్లు చెరువులో నిలవవు. 2025 అక్టోబరులో న్యూ వరల్డ్‌కు ఇక కొత్త కథలు, కొత్త ప్రాంతాలు రావని ప్రకటించారు.

అదే కాలంలో పాత ఊళ్లలో దీపాలు ఆరలేదు. ఐస్‌లాండ్‌లో తయారైన ఈవ్ ఆన్‌లైన్ 2003 నుంచి నడుస్తోంది. రోజూ మన సాయంత్రం నాలుగున్నరకు కాసేపు తలుపులు మూసి, ఊడ్చి, మళ్లీ తెరుస్తారు. రూన్‌స్కేప్ ఆటగాళ్లు కొత్త హంగులొద్దు, పాతదే ఇవ్వమని గొడవచేస్తే, 2007 నాటి నకలు తీసి 2013లో వేరే ఆటగా తెరిచారు. ఇప్పుడు అసలుదాని కంటే దానికే జనం ఎక్కువ. వార్‌క్రాఫ్ట్ వాళ్లూ 2019లో తమ పాత రూపాన్ని క్లాసిక్ పేరుతో తిరిగి తెచ్చారు. 2010లో అభాసుపాలైన ఫైనల్ ఫాంటసీ పద్నాలుగుకి నవోకి యోషిదా అనే ఆయన వచ్చి, దాన్ని ఆపించి, 2013లో మళ్లీ కట్టించాడు. 2021 డిసెంబరులో ఆ ఆటకు జనం ఎంత విరగబడ్డారంటే, సర్వర్లు మోయలేక కొన్ని వారాలు అమ్మకాలే ఆపేశారు. కొనేవాడు డబ్బు పట్టుకుని నిలబడితే సరుకు లేదని చెప్పిన ఆ కబురు మా టీ వేళల్లో నెలరోజులు నలిగింది.

వార్‌క్రాఫ్ట్ వాళ్లు 2015 తర్వాత చందాదారుల లెక్క బయటపెట్టడం మానేశారు. మిగతా కంపెనీలూ అంతే, నచ్చిన అంకె చెప్తాయి, నచ్చనిది దాస్తాయి. అందుకే ఈ ఆటలకు ఆదరణ ఉందా అని ఎవరైనా అడిగితే నేను ఆ అంకెల వైపు చూడను. మా దగ్గర రికవరీ క్యూ అని ఒకటుంది, దాన్ని చూస్తాను.

పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ల వరస అది. ఐదేళ్లు, పదేళ్లు, పదిహేనేళ్ల తర్వాత తలుపు తట్టేవాళ్లు. చేరిన కొత్తలో ఆ వరస చిన్నది, దాన్ని చూడ్డానికి ఒక్క మనిషి చాలేవాడు. ఇప్పుడు మా షిఫ్టులో సగంమంది దానిమీదే. కొత్త భాగం విడుదలైతే పొంగుతుంది. డిసెంబరు సెలవుల్లో పొంగుతుంది. 2020 వసంతంలో లోకమంతా తలుపులు మూసుకున్నప్పుడు, ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తున్న మాకు ఊపిరాడనివ్వలేదు. తిరిగొచ్చిన పాతకాపులు చాట్‌లో 2005 నాటి సంగతి తవ్వారు. వార్‌క్రాఫ్ట్‌లో ఒక రాక్షసుడు అంటించే జబ్బు పొరపాటున నగరాల్లోకి పాకింది. కొందరు ఊళ్లు వదిలి పారిపోయారు, కొందరు వైద్యం చేశారు, కొందరు కావాలని అంటించారు. 2007లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో దానిమీద వ్యాసం కూడా వచ్చింది. మేం ఇదంతా ముందే చూశామని వాళ్ల మాట.

ఆ క్యూలో ఒక మనిషి గుర్తుండిపోయాడు. ఈమెయిల్ ఎప్పుడో మూతపడిన కంపెనీది. కార్డు మారింది, ఇల్లు మారింది, రహస్య ప్రశ్నకు ఏం జవాబిచ్చాడో గుర్తులేదు. రుజువుగా ఒక కాగితమంత జాబితా రాశాడు. తన గిల్డ్‌లో, అంటే జట్టులో, ఉన్న పదకొండుమంది పేర్లు, ఏ వారం ఎన్నింటికి రెయిడ్ అనే ఉమ్మడి దాడికి కూడేవారో, తన పాత్ర ఏ వంతెన మీద ఎటువైపు తిరిగి నిలబడి ఉంటుందో. వెళ్లి చూశాను, అక్కడే ఉంది. కానీ నిబంధనల ప్రకారం అది రుజువు కాదు. ఆట పెట్టెలోని కీ ఫొటో కావాలన్నాను. మూడు వారాలు జాడలేదు. తర్వాత వాళ్లమ్మగారి ఇంటి అటక మీద దొరికిన, ఎలుకలు కొట్టిన అట్టపెట్టె ఫొటో వచ్చింది. తెరిచి ఇచ్చాను. మర్నాడు ఇంకో టికెట్, ఫిర్యాదు ఏమీ లేదు. స్నేహితుల జాబితాలో ఒక్క పేరు పచ్చగా వెలుగుతోందట, అంటే ఆ మనిషి ఆటలోనే ఉన్నాడు. అంతే రాశాడు.

ఇలాంటివి చెప్తే ఒకప్పుడు మా అమ్మ కూడా "ఆటే కదరా" అనేది. ఆవిడకు నార్వే కుర్రాడు మాట్స్ స్టేన్ కథ చెప్పాను. కండరాల క్షీణతతో చక్రాల కుర్చీకి పరిమితమై, 2014లో ఇరవై అయిదేళ్లకే పోయాడు. కొడుకు స్నేహం ఎరగని ఒంటరి అనుకున్నారు తల్లిదండ్రులు. అతని మరణవార్త ఆన్‌లైన్‌లో పెట్టాక ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు వచ్చాయి, అతనితో వార్‌క్రాఫ్ట్ ఆడినవాళ్ల దగ్గర్నుంచి. కొందరు అంత్యక్రియలకు వచ్చారు. 2024లో అతని మీద డాక్యుమెంటరీ కూడా వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత నా ఉద్యోగాన్ని ఆట అనడం మానేసింది.

మన దగ్గర ఈ ఆటలు నాటుకోలేదు. నెలనెలా చందా, దానికి డాలర్ల కార్డు. సర్వర్ ఎక్కడో ఉంటే మనం కత్తి ఎత్తేలోపు అవతలివాడు కొట్టి వెళ్లిపోయేవాడు. తర్వాత అందరి చేతికీ వచ్చింది కంప్యూటర్ కాదు, ఫోను. కోరిక మాత్రం చావలేదు. ఇవాళ తెలుగు యూట్యూబ్‌లో జీటీఏ రోల్‌ప్లే చూడండి. ఒకడు పోలీసు, ఒకడు దొంగ, ఒకడు మెకానిక్ షెడ్డు ఓనరు, మాటలన్నీ మన యాసలో. డ్రాగన్ లేదు, మిగతాదంతా అదే.

పోయిన వారం బావగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. రికవరీ క్యూ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆపారు. "ఇదంతా ఎందుకోయ్, ల్యాప్స్ అయిన పాలసీకి రివైవల్ అను, అర్థమవుతుంది. మీకు న్యూ బిజినెస్ తగ్గింది, పాతవాళ్లు పాలసీ వదులుకోవడం లేదు. తప్పేముంది, నాకు మాత్రం ఇల్లు గడిపేది రెన్యువల్సే కదా!" పదహారేళ్లలో నా పని గురించి అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఒక్కటి మాత్రం ఆయనకు చెప్పలేదు. బీటెక్ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నెట్ కేఫ్. చుట్టూ అందరివీ కౌంటర్ స్ట్రైక్ కేకలు, మూల సిస్టం మీద నేనొక్కణ్నే రాగ్నరాక్ ఆన్‌లైన్. కొరియా ఆట, మన దేశానికంటూ అప్పట్లో సర్వర్ ఉండేది. నాదొక విలుకాడు. పోరింగ్ అనే గులాబీరంగు జీవులను కొట్టుకుంటూ పెంచాను. పరీక్షలొచ్చాయని ఒక రాత్రి ప్రొంటెరా నగరం దక్షిణ ద్వారం దగ్గర, పరిచిన దుకాణాల పక్కన, వాణ్ని కూర్చోబెట్టి లాగౌట్ అయ్యాను. ఉద్యోగం, నైట్ షిఫ్టులు, మళ్లీ చూద్దాంలే అనుకునేసరికి ఆ సర్వర్ మూసేశారు.

రోజూ పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకు తలుపులు తీసి పెడతాను. నా పాస్‌వర్డ్ మాత్రం నాకింకా గుర్తుంది.