పిల్లరుకు గుడ్డ చుట్టడమేమిటండీ?

2024 డిసెంబరు 4న పొద్దున్న ఏడున్నర ప్రాంతంలో ములుగు దగ్గర భూమి కదిలింది, గుర్తుందిగా? తీవ్రత 5.3. హైదరాబాదులోనూ విజయవాడలోనూ జనం హడలిపోయి మెట్లు దిగారు. మీరు దిగొచ్చి ఎక్కడ నిలబడ్డారు? పార్కింగులోనైతే ఇంకోసారి ఆ పని చేయకండి. అపార్టుమెంటు మొత్తంలో నమ్మకూడని చోటు అదే. పై అంతస్తుల్లో గోడలుంటాయి, ఊగనివ్వకుండా ఆపుతాయి. కింద కార్ల కోసం ఒట్టి పిల్లర్లు వదిలేస్తాం. ఊపంతా వాటి మీదే పడుతుంది. 2001 భుజ్ భూకంపానికి, ఎక్కడో రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న అహ్మదాబాదులో ఇలాంటి మేడలు కుప్పకూలాయి.

పిల్లరులో నిలువు చువ్వలు ఎన్ని వేశారో ఇల్లు కట్టించేవాళ్లు నిలబడి మరీ లెక్కపెడతారు. ఆ చువ్వల చుట్టూ అడ్డంగా కట్టే రింగుల సంగతి ఎవరికీ పట్టదు. నన్నడిగితే ప్రాణం వాటిలోనే ఉంది. బరువు మోస్తూ అటూ ఇటూ ఊగే పిల్లరులో కాంక్రీటు పక్కలకు ఉబ్బుతుంది, చువ్వలు బయటికి వంగబోతాయి. రెండింటినీ అదిమిపట్టేది రింగే. దాని కొనను 135 డిగ్రీలు వంచి లోపలి కాంక్రీటులోకి దింపాలని భూకంపాలను తట్టుకునే కట్టడాల కోసం ఉన్న మన ప్రమాణం ఐఎస్ 13920 చెబుతుంది. చాలా సైట్లలో 90 డిగ్రీలకే వంచి, బైండింగ్ వైరుతో ఓ ముడేసి, “అయిపోయింది సార్” అంటారు. భూకంపంలో చువ్వల మీది కాంక్రీటు పెచ్చు రాలగానే ఆ కొన తెరుచుకుంటుంది. ఇక లోపలిదంతా పిండే.

కట్టేసిన పిల్లరులోకి కొత్త రింగులు దూర్చలేం కదా. అందుకని బయటినుంచి చుడతారు. బండి చక్రానికి కమ్మరి పట్టా బిగించడం చూశారా, ఇదీ అలాంటిదే; కాకపోతే ఈ పట్టా కార్బన్ ఫైబరు గుడ్డ. ఒక పొర మందం మిల్లీమీటరులో చిన్న భాగం. లాగి తెంపాలంటే మాత్రం అంతే మందమున్న మామూలు ఇనుముకన్నా ఎన్నోరెట్ల బలం కావాలి. తుప్పూ పట్టదు. 1995లో కోబె భూకంపానికి పిల్లర్ల మీద నిలబడ్డ హాన్‌షిన్ ఎక్స్‌ప్రెస్ వే ఆరొందల మీటర్ల మేర పక్కకు ఒరిగిపోయాక, జపాన్‌లో పాత పిల్లర్లకు ఇనప తొడుగులతో పాటు ఈ చుట్లూ ముమ్మరంగా వేశారు.

పని చూడముచ్చటగా ఉంటుంది. ప్లాస్టరు చెక్కేసి, మూలలను గ్రైండరుతో గుండ్రంగా అరగదీస్తారు, పదును మీద నార తెగుతుంది కాబట్టి. ప్రైమరు, పుట్టీ, ఆపైన ఎపాక్సీ పూసి, గుడ్డ చుట్టి, రోలరుతో గాలిబుడగలన్నీ తరిమేస్తారు. బుడగ మిగిలిందంటే అక్కడ గుడ్డ అంటుకోనట్టే.

అలాగని దీన్ని సర్వరోగ నివారిణిలా అమ్మేవాళ్లను నమ్మకండి. ఎపాక్సీ వంద డిగ్రీల వేడి రాకముందే మెత్తబడుతుంది. నిప్పునుంచి కాపాడే పూత పైన ఉండాల్సిందే. లోపల చువ్వలు తుప్పుపట్టి ఉంటే ముందు వాటికి వైద్యం చేయాలి, పైన చుట్టేసి దాచడం మోసం. పునాది బలహీనమైతే ఈ గుడ్డ చేసేదేమీ లేదు. ఒట్టి పార్కింగుకైతే చాలాచోట్ల చుట్టు ఒక్కటే చాలదు, కొత్త కాంక్రీటు గోడలో ఇనప బ్రేసింగులో కూడా కావాలి.

ఏది కావాలో తేల్చాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీరు. వచ్చే అసోసియేషన్ మీటింగులో లిఫ్టుకు ఏ రంగు వేయాలన్న తగువు కాసేపు పక్కనపెట్టి, ఆయనకు మీ బిల్డింగు డ్రాయింగులు చూపించండి.